పిలిస్తే పలికే వాడ

మా నాన్న నాకు పెట్టిన పరీక్ష ఒక్కటే.

"గది ఎంతుంది, నీళ్ళెక్కడివి, అద్దె ఎంత, ఇవన్నీ నాకు చెప్పక్కర్లేదు. పొద్దుపోయాక డ్యూటీ దిగి వస్తూ నువ్వు దారిలో కేకేశావనుకో. పలికే మనిషి ఆ వీధిలో ఉన్నాడా లేడా? అది చూసి రా. ఉన్నాడని నీ నోటితో చెబితే పంపిస్తాను. లేదంటే ఆ కాగితం మడిచి చూరులో పెట్టేద్దాం."

ఆ కాగితం టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేరమని నాకొచ్చిన ఉత్తర్వు. చేరవలసిన ఊరు తాండూరు. మాదేమో తెనాలి దగ్గర పల్లె. తాండూరు ఎక్కడుందో సరిగ్గా చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ దొరకలేదు. "హైదరాబాదు దాటాక, కన్నడ దేశం పక్కన" అన్నారు కరణంగారు, అక్కడేదో పులులు తిరుగుతున్నట్టు. ఎమర్జెన్సీ ఎత్తేసి ఏడాదయినా కాలేదు గాని, మా నాన్న బుర్రలో మాత్రం అంతకు ముందరి ప్రాంతాల గొడవలే ఇంకా తిరుగుతున్నాయి. "మన యాస వింటే అక్కడ మంచినీళ్ళయినా పోస్తారా?" అని అమ్మను అడుగుతూ ఉండేవాడు, సరిగ్గా నాకు వినపడేలా.

మా పెద్దమ్మ మాత్రం ధైర్యం చెప్పింది. ఆవిడ బెజవాడలో ఏళ్ళ తరబడి ఒంటరిగా నెగ్గుకొచ్చిన మనిషి. "పేట మంచిదో కాదో తెలుసుకోవడం వంకాయలు ఏరుకున్నంత తేలికే. గుమ్మాలకు తాళాలు చూడు. ఎంత పెద్ద తాళాలుంటే అంత దొంగ పేట. ఆడవాళ్ళ మాటలు విను. గట్టిగా తిట్టుకునే వీధిలో ఉండు గాని, గుసగుసలాడే వీధిలో ఉండకు. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళు రమ్మన్న రోజున వెళ్ళకు, రావద్దన్న రోజున వెళ్ళు. అసలు రంగు అప్పుడు బయటపడుతుంది" అంది. అంతా చెప్పి, చారెడు ఇత్తడి తాళంకప్ప నా పెట్టెలో పడేసింది. ఇంత తాళం నా గుమ్మానికి వేలాడితే ఆ పేటను గురించి జనం ఏమనుకోవాలి అని అడిగితే, నోరు మూసుకోమంది.

వెళ్ళి వచ్చాను. వచ్చినప్పటి నుంచీ ఊళ్ళో వాళ్ళకు చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది. అందుకే ఇక రాసి పడేస్తున్నాను.

రైలు పెట్టెలో

నాంపల్లిలో పాసింజరెక్కాను. ఆడవాళ్ళ పెట్టె. ఎదురుగా పెద్ద గంప పెట్టుకున్న రైతు ఇల్లాలు కూర్చుంది. రైలు కదిలిందో లేదో మూట విప్పి, నన్నడగకుండానే నా చేతిలో జొన్నరొట్టె, దాని మీద పచ్చిమిరపకాయ తొక్కు పెట్టింది. తొక్కు అంటే మన పచ్చడే. మా వైపు జొన్నలు మనుషులు తినడం నేనెరగను. మొదటి ముద్దకు కళ్ళ నీళ్ళు కారాయి, రెండో ముద్దకు ఇంకో రొట్టె ఉంటే బాగుండుననిపించింది.

"ఏడికి పోతున్నవు బిడ్డా? ఒక్కదానివేనా?"

"తాండూరండీ. ఒక్కదాన్నే."

"ఆడ ఎవ్వలున్నరు?"

"ఎవరూ లేరు."

"ఎవ్వలు లేరా!" అంది. పెట్టెలో ఉన్న ఆడవాళ్ళందరూ మాటలాపి నా వంక చూశారు. అప్పటిదాకా నేను ఉద్యోగస్తురాలిని. ఆ చూపుల కింద తప్పిపోయిన పిల్లనైపోయాను. ఆవిడ ముందుకు వంగి, "ఎవ్వలు లేరని ఎన్నడు జెప్పకు. అడిగితే మా అత్తమ్మ ఉన్నదని జెప్పు" అంది. ఏ అత్తమ్మ అని అడిగితే, "ఎవ్వలో ఒక అత్తమ్మ. ఉన్నదంటే ఉన్నట్టే ఉంటది" అంది. శంకరపల్లి దాటాక ముసురు పట్టింది. ఎర్రమట్టి చేలు, బోడి గుట్టలు, మధ్యలో ఒంటరి రాళ్ళు. మా వైపు చూపు సాగినంత మేర పచ్చగా వరి, మనుషులు కనిపిస్తారు. ఇక్కడ చూపు పోతూనే ఉంది గాని ఎవరూ తగల్లేదు. నాకేం బాగులేదు.

అనంతగిరి మబ్బు

వికారాబాదులో దిగాను. నాతో హైస్కూల్లో చదివిన సుగుణ అక్కడి అనంతగిరి కొండ మీద క్షయ ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు తన దగ్గరుండి తాండూరు వెళ్ళమని రాసింది. బస్సు అడవిలోకి ఎక్కుతుంటే మబ్బు కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. కండక్టరు ముఖం కూడా సగమే కనిపించేది. "ఆసుపత్రి కాడ దిగేటోళ్ళు దిగుండ్రి" అన్న గొంతును బట్టి దిగాను.

సుగుణ నన్ను చూసి కావలించుకుంది, వెంటనే వేడివేడి ఉప్మా పెట్టింది. చీకటి పడే వేళకు వరండాలో కూర్చుని టీ తాగుతున్నాం. చుట్టూ మబ్బు. వార్డులు కనపడవు, దగ్గు వినపడుతుంది. ఎడమవైపు ఒకరు దగ్గితే కుడివైపు ఒకరు అందుకునేవారు, దూరంగా చెట్ల మధ్య ఇంకొకరు. మనిషి అన్నవాడు కనపడకుండా ఒట్టి దగ్గు వింటూ టీ తాగడం ఎలా ఉంటుందో ఏం చెప్పమంటారు!

"నీకు భయమెయ్యదటే?" అన్నాను.

"దగ్గు వినపడుతుంటే నాకు హాయి. అందరూ ఉన్నట్టే కదా. ఒక్కొక్కప్పుడు అన్ని వార్డుల్లోనూ ఒకేసారి ఆగిపోతుంది. అప్పుడు భయం" అంది.

అందో లేదో, ఆగిపోయింది. చెట్ల మీంచి నీటిచుక్కలు రాలే చప్పుడు తప్ప ఏమీ లేదు. సుగుణ గ్లాసు నోటి దగ్గరే పట్టుకుని ఉండిపోయింది. ఎంతసేపయిందో, ఎక్కడో కింద ఒక ముసలి గొంతు ఖళ్ళుమంది. సుగుణ టీ తాగేసి, "పద, చల్లగాలి" అని లేచింది.

మర్నాడు పొద్దున్నే పద్మనాభస్వామిని చూసుకుని, కింద ఊటనీటి బుగ్గ దగ్గర కాళ్ళు కడుక్కున్నాను. మూసీ అక్కడే పుడుతుందన్నారు. హైదరాబాదులో వంతెనల కింద చూసిన నది ఇంత సన్నగా, ఇంత చల్లగా ఉంటుందని అనుకోలేదు. ఒంటరిగా బయల్దేరడంలో దానికి నాకూ తేడా లేదని కాసేపు గర్వపడ్డాను. బస్సు తప్పిపోయి కొండ దిగేటప్పటికి ఆ గర్వం మోకాళ్ళలోకి దిగింది.

తాండూరు రాళ్ళు

తాండూరులో అన్నీ రాళ్ళే. మనం తాటాకు వాడే చోట, ఇటుక వాడే చోట, ఆఖరికి కంచె వెయ్యవలసిన చోట కూడా నాపరాయి పలకలు నిలబెడతారు. నీలం కలిసిన బూడిదరంగు బండలు, మనిషెత్తువి, ఒకదాని పక్కన ఒకటి. వానకు తడిసి నల్లబడితే, కళ్ళ చివర్నుంచి చూసినప్పుడు వరసగా మనుషులు నిలబడినట్టుంటాయి. తిరిగి చూస్తే గోడ. నేను రిక్షాలో వెళుతూ ఎన్నిసార్లు తిరిగి చూశానో!

రిక్షా తొక్కే ఖాజామియా నవ్వుముఖం మనిషి. "ఇల్లు చూస్తున్నవా అమ్మా? ఫికర్ చెయ్యకు, మంచి జాగాలు మస్తున్నయి" అన్నాడు. ఎక్స్చేంజిలో ముఖం చూపించాను. వంతుల ప్రకారం రాత్రి పది దాకా కూడా డ్యూటీ ఉంటుందన్నారు. ఇల్లు దొరికేదాకా తనింట్లో ఉండమంది అక్కడి సూపర్వైజరమ్మ. ఇక వెతుకులాట మొదలైంది.

బజారులో ఒక ఇల్లు చూశాను. గేటుకు మా పెద్దమ్మ తాళానికి తాతలాంటి తాళం. "ఎనిమిది గొట్టంగనే గేటు బంద్. ఆ తర్వాత దేవుడొచ్చినా తియ్య" అన్నాడు ఆసామి. పదింటికి వచ్చే నేను దేవుడికన్నా గొప్పదాన్ని కాదు గదా, దణ్ణం పెట్టి వచ్చేశాను. కందిపప్పు మిల్లు పక్కన ఇంకొకటి చూశాను. మిల్లు వాసన కమ్మగా కడుపు నిండేలా ఉంది గాని, ఇంటావిడ గది చూపిస్తూనే, "కిటికీ ఎన్నడు తియ్యకు" అంది. ఎందుకని అడిగితే మిల్లు గేటు దగ్గర నిలబడ్డ మగవాళ్ళ వైపు చూపు తిప్పింది. అక్కణ్ణుంచీ కూడా వచ్చేశాను.

"మా వాడల ఒక అర్ర ఉన్నది. మాణెమ్మది. చూస్తవా?" అన్నాడు ఖాజామియా. అర్ర అంటే గది.

వాళ్ళ వాడ ఊరి చివర. ఒకప్పుడు అది వేరే పల్లె, తాండూరు పెరిగి దాన్ని కలిపేసుకుంది. హిందువులూ తురకలూ గోడకు గోడ ఆనించి ఉంటారు. మాణెమ్మ యాభై దాటిన మనిషి, గట్టి చేతులు, మాట పొదుపు. గది శుభ్రంగా ఉంది. నెలకు ముప్ఫై రూపాయలంది, మా తెనాలిలో దానికి రెట్టింపు. తలుపులకు గొళ్ళేలే తప్ప తాళాల్లేవు. పెద్దమ్మ మొదటి లెక్క ప్రకారం బంగారంలాంటి పేట.

కాని రెండో లెక్క తప్పింది. వీధిలో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చేరి గుసగుసలాడటం, నన్ను చూడగానే ఆపేయడం. ప్రతి ఇంటి ముందూ కోసుకొచ్చిన వేపమండలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఇవెందుకని అడిగితే ఒకావిడ ముఖం తిప్పేసుకుంది. మాణెమ్మ ఇంట్లో, చీకటిలో, నులకమంచం మీద ఆమె మనవరాలు పడుకుని ఉంది. ఐదారేళ్ళ పిల్ల, జ్వరంతో కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

మాణెమ్మ పిల్ల మీద దుప్పటి సర్దింది. "అర్ర నచ్చిందా? నచ్చితే ఎల్లుండి రా. రేపు రావద్దు" అంది.

"రేపయితే ఏం?"

"రేపు రావద్దు బిడ్డా."

ఖాజామియా వైపు చూశాను. అంత నవ్వుముఖం మనిషీ నేల చూపులు చూస్తూ రిక్షా తిప్పాడు. ఏదో దాస్తున్నారని నాకు అనుమానం గట్టిపడింది. రావద్దన్న రోజున వెళ్ళాలన్న పెద్దమ్మ మాట చెవిలో గింగురుమంది.

రావద్దన్న రోజు

మర్నాడు సాయంత్రం, పొద్దు వాలే వేళకు, నేను ఒంటరిగా బయల్దేరాను. రిక్షా వద్దనుకున్నాను. ఉద్యోగంలో చేరాక రాత్రి డ్యూటీ దిగి నడవవలసిన దారి నా కాళ్ళతో నడిచి చూడాలి కదా. రైలుకట్ట పక్కగా వెళ్ళి, కొత్తగా పెట్టిన బండల డిపోలో పేర్చిన పలకల మధ్య సన్నటి సందు ఉంటే అందులో దూరాను. అది నేరుగా మాణెమ్మ వాళ్ళ వాడలోకే తేలింది.

అడుగు పెట్టగానే ఏదో తేడాగా ఉంది. ఏమిటో వెంటనే తెలియలేదు. నాలుగడుగులు వేశాక తెలిసింది. కోడి లేదు. మేక లేదు. నిన్న నన్ను చూసి మొరిగిన కుక్క లేదు. పొయ్యి రాజేసే వేళ గదా, ఎక్కడా పొగ లేదు.

తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఒక్క ఇల్లు కాదు, అన్నీ. గుమ్మాలకు వేపమండలు వేలాడుతున్నాయి. మొదటి ఇంట్లోకి తొంగిచూశాను. కుండలు బోర్లించి ఉన్నాయి. పొయ్యిలో నీళ్ళు పోసి చల్లార్చారు. అద్దం గోడవైపు తిప్పి ఉంది. దండెం మీద బట్టలు, గూట్లో ఇత్తడి గిన్నెలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మనుషులే లేరు. రెండో ఇల్లూ అంతే. మూడో ఇంట్లో ఉయ్యాల తాళ్ళు మాత్రం వేలాడుతున్నాయి, గుడ్డ లేదు. అవి కొంచెం కొంచెం ఊగుతున్నాయి. గాలే అయ్యుంటుంది.

నేల వైపు చూశాను. వీధంతా పలచగా బూడిద చల్లి ఉంది. ముసురు ఆగింది కాబట్టి చెదరలేదు. దాని మీద ఒక్క అడుగు కూడా లేదు, నా వెనక నావి తప్ప.

"ఎవరండీ ఇంట్లో?" అన్నాను. అన్నీ రాళ్ళే కావడం వల్ల నా మాట గోడలకు తగిలి ముక్కలై తిరిగొచ్చింది. మాణెమ్మ ఇంటికి పరుగెత్తాను. నులకమంచం నిలబెట్టి ఉంది. పిల్ల లేదు. "మాణెమ్మగారూ!" అని అరిచాను. "మాణెమ్మగారూ!" అంది గోడ.

అప్పుడు వీధి ఆ చివర చూశాను.

దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది. కంపకు అవతల, చేను గట్టున, వాడ వాడంతా నిలబడి ఉంది. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఎద్దులు, మేకలు. చంటిపిల్లల నోళ్ళు తల్లులు అరచేత్తో మూసి పట్టుకున్నారు. అందరూ నావైపే చూస్తున్నారు. ఎవరూ కదలడం లేదు. నిన్న చూసిన బండల కంచే మనుషులుగా మారి నిలబడ్డట్టుంది. ఇప్పుడు తిరిగి చూసినా గోడ కావడం లేదు.

చెయ్యెత్తాను. "ఏమండీ! ఏమైంది?" అన్నాను. పలకలేదు. ఖాజామియా కనిపించాడు, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని. "ఖాజామియా! నేనే!" అన్నాను. కళ్ళు దించుకున్నాడు. మాణెమ్మ కనిపించింది, భుజాన మనవరాలు. ఆమె నన్ను చూస్తూ చూస్తూ పెదవులు బిగించుకుంది. పలకలేదు. నాన్న పరీక్ష గుర్తొచ్చింది. కేకేస్తే పలికే మనిషి! ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ పలకడం లేదు. వీళ్ళసలు మనుషులేనా అనిపించింది. నిజం చెబుతున్నాను, చదువుకున్న పిల్లనే, అయినా అలాగే అనిపించింది.

వెనక్కు పారిపోదామని తిరిగాను. సరిగ్గా అప్పుడే నేనొచ్చిన సందులో పెద్ద పలకొకటి జారి, బాంబు పేలినట్టు నేలను తాకింది. అక్కడే కూలబడి, "అమ్మా!" అని అరిచాను. ఎవరిని పిలిచానో నాకే తెలియదు.

"వస్తున్న బిడ్డా! ఆడనే నిలువు!"

మాణెమ్మ. పిల్లను ఎవరి చేతుల్లోనో పడేసి, ఉత్త కాళ్ళతో ముళ్ళకంప తొక్కుకుంటూ పరుగెత్తుకొచ్చింది. వచ్చి నన్ను రెండు చేతులా లేవనెత్తింది. ఆమె చేతులు వెచ్చగా ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె వెనక, కంప అవతల, వాడంతా ఒక్కసారిగా "అయ్యయ్యో" అని తల పట్టుకుంది.

ఎవరి కోసం

అసలు సంగతి ఖాజామియా చెప్పాడు. వాడలో పసిపిల్లలకు వరసగా జ్వరాలు పట్టుకున్నాయి, ఒక పిల్ల పోయింది కూడా. అట్లాంటప్పుడు వాళ్ళకొక కట్టుబాటుంది. పొద్దు పొడవక ముందే మనిషి, గొడ్డు, కోడి అందరూ వాడ ఖాళీ చేసి చేలలోకి పోవాలి. పొయ్యిలు ఆర్పాలి. తాళాలు వెయ్యకూడదు, వేస్తే పీడ లోపలే ఉండిపోతుందట. పొద్దు గూకేటప్పుడు ఆఖరి గడియ ఎవరూ నోరు విప్పకూడదు. అప్పుడు వాడలోంచి ఏ గొంతు పిలిచినా పలకకూడదు.

"పలికితే?" అన్నాను.

"పలికినోళ్ళ ఇంట్ల కూసుంటదంట" అన్నాడు. "ముందుగాల నీకు చెప్పొద్దు అమ్మా. చెప్తే అది ఇంటదంటరు. నేను తురకోన్ని, అయినా మా తాత కాలంకెల్లి మేం గూడ పోతం. పిల్లలు అందరి పిల్లలే గద."

వాడ పెద్ద సాయన్న కర్ర నేలకేసి కొట్టాడు. "జరసేపు ఓర్సుకుంటే అయిపోతుండె! నీ మనుమరాలి కోసమే గదనే మాణెమ్మా గిదంత! మేమందరం గుండె రాయి జేసుకొని నిలవడ్డం. నువ్వు పలికితివి!"

"ఎరుకే" అంది మాణెమ్మ. కింద కూర్చుని కాళ్ళలో ముళ్ళు తీసుకుంటోంది. "నా పేరు పెట్టి పిలిస్తే పలకలే. ఒక్కపారి గాదు, రెండు పార్లు. అమ్మా అన్నది. గా పిలుపు ఇని ఊకుంటనా? దయ్యమైతే దయ్యమే. ఆడపిల్ల."

పిల్ల జ్వరం తగ్గకపోతే నేనీ ముఖం ఎవరికి చూపించాలి? "నా వల్లే కదండీ ఇదంతా" అని ఏడ్చేశాను. సాయన్న నన్ను ఎగాదిగా చూసి, "ఏ దిక్కుకెల్లి వచ్చినవు?" అన్నాడు. డిపో సందు చూపించాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు. వాళ్ళ తాతల నాటి దారులన్నిటికీ కంప వేశారు. డిపో నిన్నమొన్న వచ్చింది, దాని సందు ఎవరికీ గుర్తురాలేదు.

"ఎల్లుండి మల్ల పోదాం. గా సందు మూయుండ్రి" అన్నాడు. తర్వాత కర్రతో నన్ను చూపించి, "గీమె బూడిదల అడుగు పెట్టింది. ఇగ మన వాడ మనిషే. గీమె గూడ రావాలె. రాకుంటే వాడ ఖాళీ అయినట్టు గాదు" అన్నాడు.

నన్నెవరూ అడగలేదు, గది నచ్చిందా అని. ఆ సాయంత్రమే నా పెట్టె మాణెమ్మ ఇంటికి వచ్చేసింది. పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. డాక్టరుకు చూపించరా అంటే, "గోలీలు మింగిస్తున్న. గోలీల పని గోలీలది, దీని పని దీనిది" అంది మాణెమ్మ.

రెండోసారి

సాయన్న చెప్పిన ఆ ఎల్లుండి తెల్లవారకముందే అందరం బయల్దేరాం. కంప దగ్గర సాయన్న నన్ను ఆపి నా గది వైపు వేలు చూపించాడు. తలుపుకు పెద్దమ్మ తాళం వేలాడుతోంది! అలవాటు చొప్పున వేసేశాను. అంతమందీ చూస్తుండగా ఆ ఖాళీ వీధిలోకి ఒంటరిగా తిరిగి వెళ్ళి తాళం తీశాను. నా సర్టిఫికెట్లు, డబ్బు, అమ్మ ఇచ్చిన గాజులు, అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, తాళం చేతిలో పట్టుకుని, వెనక్కు చూడకుండా వచ్చాను.

చేలో పగలంతా పండగలా ఉంది. మూడు రాళ్ళ పొయ్యిలు, జొన్నరొట్టెలు, కందిపప్పు, పచ్చిపులుసు. మా వైపు చింతపండు పులుసు కాచకుండా అన్నంలో పోసుకుంటారని చెబితే నవ్వుతారు. వీళ్ళది అదే. నేను మూడుసార్లు పోయించుకున్నాను. ఖాజామియా భార్య తన పొయ్యి మీద చేసిన బెల్లం అన్నం తెచ్చిపెట్టింది. ఆడవాళ్ళు హాయిగా, గట్టిగా తిట్టుకున్నారు. పెద్దమ్మ ఉంటే సంతోషించేది.

పొద్దు వాలింది. సాయన్న కర్ర ఎత్తాడు. మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అనంతగిరిలో దగ్గు ఆగిపోయినప్పటిలాగే. అందరం లేచి వాడ వైపు తిరిగి నిలబడ్డాం. తెరిచిన తలుపులు నల్లగా కనిపిస్తున్నాయి. అందులో ఒకటి నాది. మొన్న నేనున్న చోట ఇప్పుడు ఎవరూ లేరు. నా పక్కన మాణెమ్మ, ఆమె భుజాన పిల్ల.

"మాణెమ్మగారూ!"

వాడలోంచి. సన్నగా, కాని స్పష్టంగా. ఆ వాడలో ఎవరూ ఎవరినీ "గారూ" అనరు. ఆ యాస నాది. ఆ గొంతు నాది.

ఎవరూ కదలలేదు. అందరికీ వినపడిందని తల్లుల చేతులు బిగుసుకోవడంలో తెలిసింది. మళ్ళీ వచ్చింది, "మాణెమ్మగారూ!" మాణెమ్మ వీధి వైపు చూడలేదు. తల తిప్పి నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పలకలేదు. నేనూ పలకలేదు. నా నోరు తెరుచుకుంటుందేమోనని రెండో చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ చేతిలో తాళం ఉంది, చల్లగా పెదవులకు తగిలింది. పొద్దు గూకేదాకా అలాగే నిలబడ్డాం.

నిప్పు తీసుకుని ఇళ్ళకు వెళుతుంటే మెల్లగా అడిగాను, "ఇవాళ పలకలేదేమండీ?"

"నువ్వు నా పక్కకే ఉంటివి గద బిడ్డా" అంది.

"మరి పిలిచిందెవరు?"

"గా ముచ్చట అడగొద్దు. నువ్వు ఉన్నవు. అంతే."

నా గదిలో గుడ్డపేలిక కూడా కదల్లేదు. ఇంకో రెండు రోజులకు పిల్ల లేచి కూర్చుని రొట్టె అడిగింది. గోలీల వల్ల కావచ్చు. తిరుగు ప్రయాణంలో సుగుణకు చెబితే, పలకల సందుల్లో గాలి దూరి అలా కూస్తుందంది. కావచ్చు. గాలికి తెనాలి యాస ఎలా వచ్చిందని అడిగితే మాత్రం మాట మార్చింది.

ఇంటికి

ఇంటికి రాగానే పెద్దమ్మ తన తాళం గురించి అడిగింది. పెట్టెలోంచి తీసి ఆవిడ చేతిలోనే పెట్టేశాను. "అక్కడ దీనితో పనిలేదు" అన్నాను. ఆవిడ అనుమానంగా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, నేనేదో పాడుచేసినట్టు.

నాన్న మాత్రం అన్నం తినేదాకా ఏమీ అడగలేదు. చేయి కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. రెండోసారి వినపడిన పిలుపు సంగతి ఆయనకు నేను చెప్పలేదు. మీరూ చెప్పకండి. మొదటిసారి సంగతి మాత్రం పూస గుచ్చినట్టు చెప్పాను, ముళ్ళకంప దాకా.

"అయితే నువ్వు పిలిచావు" అన్నాడు.

"పిలిచాను."

"పలికారా?"

"పలకకూడని రోజున పలికారు నాన్నా."

నాన్న నా వైపు చూడకుండా లేచాడు. దొడ్లోకి వెళ్ళి నిచ్చెన తెచ్చి, అటక మీది పెద్ద ట్రంకుపెట్టె దించి, దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.